ట్రే ధర పెరిగితే గిరాకీ ఎంత తగ్గుతుంది? కొనేవారి జ్ఞాపకాన్ని లెక్కలో చేర్చే పద్ధతి

నిన్నటిదాకా 180 రూపాయలకు దొరికిన ముప్పై గుడ్ల ట్రే ఈ రోజు 198 అయిందనుకోండి. కొట్టు ముందు నిలబడ్డ గృహిణి వెంటనే ట్రే అందుకోదు. "ఇంత పెంచేశారేమిటి?" అని అడుగుతుంది, ఒక్కోసారి డజనుతో సరిపెట్టుకుంటుంది. రెండు నెలల తరువాత అదే కొట్టులో, అదే 198 రూపాయలకు, అదే గృహిణి మారుమాట లేకుండా ట్రే పట్టుకెళ్తుంది. ధర అదే ఉంది. ఆమె మనసులో ఉన్న అంకె మారింది.

ఏ ధరకు ఎంత అమ్ముడవుతుందో చూపే, మనం కళాశాలలో గీసిన డిమాండ్ రేఖకు ఈ రెండు రోజుల మధ్య తేడా తెలియదు. దాని దృష్టిలో 198 దగ్గర ఉన్నది ఒకటే బిందువు. మనుషులు నిజంగా ఎలా ఎంచుకుంటారో పరిశీలించే ప్రవర్తనా అర్థశాస్త్రం ఈ తేడాను పట్టుకుంటుంది. దాన్ని మీ చేతులతో, మీ లెక్కలతో ఎలా పట్టుకోవాలో ఇక్కడ చెబుతాను. ఒక నోటుపుస్తకం, ఎక్సెల్ వంటి పట్టికల సాఫ్ట్‌వేర్, పదో తరగతిలో చదివిన సంవర్గమానాలు ఉంటే చాలు. అర్థశాస్త్ర విద్యార్థి అయినా, కొట్టు నడిపేవారు అయినా చేయగలిగిన పని ఇది.

ఉదాహరణగా గుడ్లను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒక కొట్టు గుడ్డుకూ పక్క కొట్టు గుడ్డుకూ పెద్ద తేడా ఉండదు, జనం దాదాపు ప్రతి వారం కొంటారు, ధర తరచూ మారుతుంది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, చిత్తూరు వంటి కేంద్రాలకు వంద గుడ్ల లెక్కన ధర ప్రకటిస్తుంది. మనం పేపరు రేటు అనేది దానినే. పైగా ఈ రంగంలో ముఖ్యమైన తొలి పరిశోధనల్లో ఒకటి గుడ్ల మీదే జరిగింది. 1992లో డేనియల్ పట్లర్ అనే పరిశోధకుడు దక్షిణ కాలిఫోర్నియా గుడ్ల అమ్మకాలను పరిశీలించి, ధర పెరిగినప్పుడు డిమాండ్ వ్యాకోచత్వం −1.10 అనీ, తగ్గినప్పుడు −0.45 మాత్రమే అనీ తేల్చాడు. అంటే ధర పది శాతం పెరిగితే అమ్మకం సుమారు పదకొండు శాతం పడిపోతుంది. అదే పది శాతం తగ్గితే అమ్మకం నాలుగున్నర శాతమే పెరుగుతుంది. పైకి వెళ్లే దారీ కిందికి దిగే దారీ ఒకటి కాదన్నమాట.

కింద లెక్కల్లో వాడిన అంకెలు నేను ఉదాహరణ కోసం కల్పించినవి. వాటి స్థానంలో మీ కొట్టు అంకెలు పెట్టుకోండి.

ముందు నోటుపుస్తకం తెరవండి

ప్రతి రోజూ ఐదు సంగతులు రాయండి: తేదీ, ట్రే ధర, అమ్మిన ట్రేలు, ఆ రోజు పేపరు రేటు, సరుకు మధ్యలో అయిపోయిందా లేదా. చివరిది చాలామంది రాయరు. సాయంత్రం ఆరింటికే ట్రేలు అయిపోతే ఆ రోజు అమ్మకం 40 అని పుస్తకంలో ఉంటుంది, గిరాకీ మాత్రం 55 ఉండి ఉండవచ్చు. అమ్మకం వేరు, గిరాకీ వేరు. సరుకు అయిపోయిన రోజులున్న వారాలను గుర్తు పెట్టి లెక్క నుంచి తీసేయండి. తీసేయకపోతే మీరు కొలిచేది కొనేవారి మనసును కాదు, మీ సరుకు నిల్వను.

విడి గుడ్డు ధరను లెక్కకు వాడకండి. పేపరు రేటు గుడ్డుకు పది పైసలు అటూ ఇటూ కదిలినా విడి గుడ్డు ధర చాలా కొట్లలో చిల్లర ఇబ్బంది వల్ల అలాగే ఉండిపోతుంది. కదలని ధర నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. ట్రే ధర కదులుతుంది.

వీలైతే అమ్మకాన్ని రెండు నిలువు వరుసలుగా విడదీయండి: ఇళ్లకు వెళ్లేవి ఒకటి, హోటళ్లకు, హాస్టళ్లకు, నూడుల్స్ బండ్లకు వెళ్లేవి ఒకటి. ఇది ఎందుకు ముఖ్యమో తరువాత చెబుతాను, కానీ మొదటి రోజు నుంచే రాయకపోతే తరువాత విడదీయలేరు.

ఆదివారం అమ్మకం మిగతా రోజుల కంటే చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి రోజువారీ అంకెలతో కుస్తీ పట్టకండి. వారానికి ఒక మొత్తంగా కూడండి. కనీసం ఏడాది రాయండి. రెండేళ్లయితే కార్తీకమాసం రెండుసార్లు వస్తుంది, అప్పుడు లెక్కకు బలం వస్తుంది.

పాత రేఖను గీసి చూడండి

కొత్తదానికి వెళ్లే ముందు మామూలు డిమాండ్ రేఖ ఏమి చెబుతుందో చూడాలి. వ్యాకోచత్వం అనే కొలతకు ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో ఇచ్చిన రూపమే ఇప్పటికీ మన పునాది: ధర ఒక శాతం మారితే అమ్మకం ఎంత శాతం మారుతుంది?

ఇక్కడ సంవర్గమానాలు పనికొస్తాయి. ధరకూ అమ్మకానికీ సహజ లాగ్ తీసుకుంటే, వాటి తేడాలు దాదాపు శాతం మార్పుల్లా ప్రవర్తిస్తాయి. ట్రే 180 ఉన్నప్పుడు వారానికి 240 ట్రేలు, 198 అయిన వారం 216 ట్రేలు అమ్మారనుకుందాం. లాగ్ ధరలో తేడా 0.0953, లాగ్ అమ్మకంలో తేడా −0.1054. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే −1.1 వస్తుంది.

మీ దగ్గరున్న వారాలన్నింటికీ ఇలా లాగ్ ధర, లాగ్ అమ్మకం వరుసలు తయారు చేసి చుక్కల పటం గీయండి. చుక్కలు ఎడమ నుంచి కుడికి కిందికి వాలాలి. చాలామందికి వాలవు. కొందరికి పైకి కూడా లేస్తాయి. అది చూసి అర్థశాస్త్రం తప్పు అనుకోకండి.

కార్తీకమాసం పెట్టే చిక్కు

కార్తీకంలో ఎన్నో ఇళ్లలో గుడ్డు వండరు. గిరాకీ పడిపోతుంది. గిరాకీ పడిపోవడంతో ధర కూడా దిగిన ఏడాదిలో మీ పుస్తకంలో ఏమి కనిపిస్తుంది? తక్కువ ధర, తక్కువ అమ్మకం. మాసం పోగానే ధర లేస్తుంది, అమ్మకమూ లేస్తుంది. చుక్కలను చూస్తే జనం ధర పెరిగితేనే ఎక్కువ కొంటున్నట్టు ఉంటుంది. నిజానికి ధర గిరాకీని కదిలించలేదు, గిరాకీయే ధరను కదిలించింది.

దీనికి తేలికైన మందు ఒక అదనపు వరుస: కార్తీక వారాలకు 1, మిగతా వారాలకు 0. మీ ఊరిలో శ్రావణం, దసరా నవరాత్రులు, అయ్యప్ప మాలల కాలం కూడా గిరాకీని కదిలిస్తే వాటికీ తలా ఒక వరుస పెట్టండి. కానీ వరుసలు ఎడాపెడా పెంచకండి, ఒక్క ఏడాది లెక్కలు అన్నింటినీ మోయలేవు.

ఇంకాస్త లోతైన మందు 1928లోనే దొరికింది. అమెరికా ఆర్థికవేత్త ఫిలిప్ రైట్ నూనెల మీద సుంకాల గురించి రాసిన పుస్తకపు అనుబంధంలో ఈ ఆలోచన ఉంది: ధరను కదిలించేదీ, మీ కొనేవారి ఆకలిని కదిలించనిదీ అయిన ఒక కారణాన్ని వెతకండి. గుడ్ల విషయంలో అలాంటివి మన కళ్ల ముందే ఉన్నాయి. మే నెల ఎండలకు కోళ్లు చనిపోతాయి, బతికినవి తక్కువ గుడ్లు పెడతాయి. మేతలో ప్రధానమైన మొక్కజొన్న, సోయా ధరలు పెరుగుతాయి. మన గుడ్లు పశ్చిమ బెంగాల్, బీహార్, అస్సాం దాకా వెళ్తాయి కాబట్టి అక్కడి చలికాలపు గిరాకీ ఇక్కడి ధరను పైకి లాగుతుంది. మొక్కజొన్న ధర ఆధారంగా ట్రే ధర ఎంత ఉండాలో ముందు అంచనా వేసి, ఆ అంచనా ధరతో పాత రేఖను మళ్లీ గీయండి. రెండు రేఖల వాలులో పెద్ద తేడా వస్తే మీ మొదటి రేఖను నమ్మవద్దు. ఎండల వారాలను మాత్రం కాస్త జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే వేసవిలో "వేడి చేస్తుంది" అని గుడ్డు తగ్గించే ఇళ్లు కూడా ఉన్నాయి. అప్పుడు ఎండ ధరనూ ఆకలినీ రెండింటినీ కదిలిస్తుంది.

మనసులోని ధరకు ఒక వరుస ఇవ్వండి

నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం ఇదే. కొనేవారి మనసులో ఉన్న ధర మనకు కనిపించదు. కానీ అది ఎలా తయారవుతుందో ఊహించి, ఆ ఊహను అమ్మకాలతో సరిచూడవచ్చు. చాలామంది వాడే సూత్రం సరళమైనది:

ఈ వారం మనసులోని ధర = (జ్ఞాపకం × పోయిన వారం మనసులోని ధర) + ((1 − జ్ఞాపకం) × పోయిన వారం అసలు ధర)

జ్ఞాపకం అనేది 0కూ 1కీ మధ్య ఉండే అంకె. 1కి దగ్గరగా ఉంటే జనం పాత ధరను గట్టిగా పట్టుకుని ఉంటారు. 0 అయితే పోయిన వారం ధర తప్ప ఏదీ గుర్తుండదు. జ్ఞాపకం 0.7 అనుకుంటే, రెండు వారాల్లో పాత ముద్ర సగానికి తగ్గుతుంది.

లెక్క చేసి చూద్దాం. ట్రే చాలా కాలంగా 180 ఉంది, కాబట్టి మనసులోని ధర కూడా 180. ఒక వారం 198 అయి, మూడు వారాలు అలాగే ఉండి, నాలుగో వారం మళ్లీ 180కి దిగింది.

మొదటి వారం మనసులో 180, కొట్టులో 198. కొనేవారికి 18 రూపాయలు నష్టం అనిపిస్తుంది. రెండో వారం మనసులోని ధర 0.7 × 180, 0.3 × 198 కలిపి 185.40. నష్టం 12.60కి తగ్గింది. మూడో వారం 189.18, నష్టం 8.82. నాలుగో వారం మనసులో 191.83 ఉండగా కొట్టులో 180 కనిపిస్తుంది. ఇప్పుడు 11.83 రూపాయలు లాభం అనిపిస్తుంది. నెల క్రితం మామూలుగా అనిపించిన 180 ఇప్పుడు సంతోషాన్నిస్తోంది.

ఎక్సెల్‌లో దీనికి ఒక్క గడిలో సూత్రం రాసి కిందికి లాగితే సరిపోతుంది. మొట్టమొదటి వారానికి మనసులోని ధర తెలియదు కాబట్టి ఆ వారం అసలు ధరనే పెట్టండి, మొదటి ఆరు వారాలను కింద చెప్పే గుణకాల లెక్కలోకి తీసుకోకండి. జ్ఞాపకం 0.7 అయితే ఆరు వారాల తరువాత ఆ తొలి ఊహ ప్రభావం పన్నెండు శాతానికి పడిపోతుంది.

పేపరు రేటు చూసి వచ్చే కొనేవారికి మనసులోని ధర జ్ఞాపకం నుంచి కాక పత్రిక నుంచి వస్తుంది. హోటళ్లవాళ్లు ఎక్కువగా ఇలాంటివారే. వాళ్ల విషయంలో పైన చెప్పిన సూత్రానికి బదులు పేపరు రేటుకు మీ మామూలు లాభం కలిపిన అంకెను వాడి చూడండి.

నష్టాన్నీ లాభాన్నీ విడదీయండి

1979లో మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ చెప్పిన మాట ఏమిటంటే, మనుషులు మొత్తాలను కాదు, ఒక గుర్తు నుంచి వచ్చే మార్పులను తూస్తారు. ఆ తూకంలో నష్టం లాభం కంటే బరువైనది. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో దీన్ని కొనుగోళ్లకు తెచ్చాడు: వస్తువు ఇచ్చే తృప్తి ఒకటి, బేరం బాగా కుదిరిందన్న తృప్తి మరొకటి.

మనం చేయాల్సింది రెండు వరుసలు. లాగ్ ధర నుంచి మనసులోని ధర లాగ్‌ను తీసేయండి. ఫలితం సున్నా కంటే ఎక్కువైతే అది నష్టం వరుసలో, లాభం వరుసలో సున్నా. తక్కువైతే గుర్తు మార్చి లాభం వరుసలో, నష్టం వరుసలో సున్నా. ఇప్పుడు సమీకరణం ఇలా ఉంటుంది:

లాగ్ అమ్మకం = అ − (బ × లాగ్ ధర) − (న × నష్టం) + (ల × లాభం) − (క × కార్తీకం)

ఇందులోని అక్షరాలు మీ పుస్తకం నుంచి రాబట్టాల్సిన అంకెలు, వాటినే గుణకాలు అంటాం. అ మొదలయ్యే స్థాయి, క కార్తీకం తగ్గించేది. బ మామూలు అర్థశాస్త్రం. డబ్బు పరిమితం కాబట్టి ధర పెరిగితే తక్కువ కొంటారు. న, ల మనసు ఆడే పాత్ర. న, ల రెండూ సున్నా అయితే పాత రేఖే మిగులుతుంది. అందుకే ఈ సమీకరణం పాతదాన్ని కొట్టివేయదు, న, ల సున్నా అని రుజువు చేసుకునే అవకాశం దానికి ఇస్తుంది.

మన ఉదాహరణలో బ 0.5, న 0.6, ల 0.25 అనుకుందాం. 198కి పెరిగిన మొదటి వారం అమ్మకం 216, రెండో వారం 220, మూడో వారం 223. ధర కదలకపోయినా అమ్మకం కోలుకుంటోంది. నాలుగో వారం 180కి దిగినప్పుడు 240 కాదు, 244. జనం అలవాటు పడిన ధర నుంచి చూస్తే, పెరుగుదలకు వ్యాకోచత్వం 0.5కు 0.6 కలిపి 1.1, తగ్గుదలకు 0.5కు 0.25 కలిపి 0.75.

గుణకాలు రాబట్టండి

ఎక్సెల్‌లో లైనెస్ట్ (LINEST) అనే ఫంక్షన్ ఈ పని చేస్తుంది. లాగ్ ధర, నష్టం, లాభం, కార్తీకం వరుసలు పక్కపక్కనే ఉండాలి, మధ్యలో వేరే వరుస ఉండకూడదు. ఇంకో జాగ్రత్త: లైనెస్ట్ గుణకాలను తలకిందుల వరుసలో ఇస్తుంది. చివరి వరుస గుణకం ముందు వస్తుంది. ఇది తెలియక కార్తీకం గుణకాన్ని ధర గుణకం అనుకునే ప్రమాదం ఉంది.

జ్ఞాపకం అంకెను లైనెస్ట్ కనిపెట్టలేదు. 0.5, 0.6, 0.7, 0.8, 0.9 పెట్టి ఐదుసార్లు లెక్క చేయండి. ప్రతిసారీ అసలు అమ్మకానికీ అంచనాకూ మధ్య దోషాల వర్గాలను కూడండి. ఏ అంకెకు ఆ మొత్తం అతి తక్కువగా వస్తుందో దాన్ని ఉంచండి. ఐదింటికీ మొత్తాలు దాదాపు సమానంగా ఉంటే మీ దగ్గర ధరల కదలిక సరిపోలేదని అర్థం. ఇంకొన్ని నెలలు రాయాల్సిందే.

గుణకం పక్కనే దాని ప్రామాణిక దోషం, అంటే ఆ అంచనా ఎంత అటూ ఇటూ ఉండవచ్చో చెప్పే అంకె, కూడా చూడండి. ల విలువ 0.25, దాని దోషం 0.3 అని వస్తే లాభం ప్రభావం ఉందని చెప్పే హక్కు మీకు లేదు.

ఒక తప్పును మాత్రం గట్టిగా వద్దంటాను. 1992లో ట్వెర్‌స్కీ, కానెమన్ నష్టం లాభం కంటే 2.25 రెట్లు బరువని అంచనా వేశారు. ఆ అంకె ఎంత ప్రసిద్ధి పొందిందంటే, దాన్ని ఎక్కడపడితే అక్కడ తెచ్చి అతికిస్తున్నారు. అది బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న 25 మంది విద్యార్థులు డబ్బు పందేలలో చేసిన ఎంపికల నుంచి వచ్చింది. మీ వీధిలో గుడ్లు కొనేవారి నిష్పత్తి మీ పుస్తకం నుంచే రావాలి.

ఇళ్లను, హోటళ్లను కలిపి లెక్కించకండి

2000లో మార్కెటింగ్ పరిశోధకులు డేవిడ్ బెల్, జేమ్స్ లాటిన్ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేశారు. కొనేవారిలో కొందరు ధరను ఎక్కువగా, కొందరు తక్కువగా పట్టించుకుంటారు. ఆ తేడాను వదిలేసి అందరినీ ఒక్కటిగా లెక్కిస్తే, లేని నష్ట విముఖత (లాభం కంటే నష్టం ఎక్కువ బరువుగా తోచడం) కూడా ఉన్నట్టు కనిపించవచ్చు, లేదా ఉన్నది పెద్దదిగా కనిపించవచ్చు. ధరను బాగా పట్టించుకునేవారు ఎప్పుడూ చవక చోట్లు వెతుకుతారు, వాళ్ల మనసులో తక్కువ ధరే ఉంటుంది, కాబట్టి ఎక్కువసార్లు నష్టం వైపే కనిపిస్తారు. లెక్క ఆ స్వభావాన్ని నష్టం గుణకంలోకి తోసేస్తుంది.

నోటుపుస్తకంలో మొదటి రోజే రెండు వరుసలు పెట్టమన్నది ఇందుకే. ఇళ్లకు ఒక సమీకరణం, హోటళ్లకు ఒక సమీకరణం విడివిడిగా వేయండి. రెండింటిలోనూ న, ల కంటే పెద్దదిగా నిలబడితే మీ ఫలితానికి బలం ఉంది. కలిపితే కనిపించి విడదీస్తే మాయమైతే, మీరు చూసింది మనసును కాదు, జనాల మిశ్రమాన్ని.

దాచిపెట్టిన వారాలతో పరీక్షించండి

చివరి ఎనిమిది వారాలను లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టండి. మిగతా వారాలతో గుణకాలు రాబట్టి, ఆ ఎనిమిది వారాల అమ్మకాన్ని అంచనా వేయండి. తరువాత మూడు అంచనాలను పోల్చండి: మీ కొత్త సమీకరణం, మామూలు డిమాండ్ రేఖ, "పోయిన వారం ఎంతో ఈ వారమూ అంతే" అనే ఊహ. మూడోదాన్ని ఓడించలేని సమీకరణానికి ఎంత అందమైన గుణకాలున్నా విలువ లేదు.

ఇప్పుడు నిర్ణయానికి వాడండి

మీరు 180కి అమ్ముతున్న ట్రే టోకు ధర 162 నుంచి 180కి ఒక్కసారిగా పెరిగిందనుకుందాం. మీరు 18 రూపాయలు ఒకేసారి పెంచాలా, వారానికి ఆరు చొప్పున మూడు వారాల్లో పెంచాలా?

నెమ్మదిగా పెంచితే కొనేవారికి నొప్పి తెలియదని మన అనుభవం చెబుతుంది. సమీకరణం దాన్ని ఒప్పుకుంటుంది: 186, 192, 198 చొప్పున పెంచితే అమ్మకాలు 231, 225, 220. మొత్తం 676 ట్రేలు. ఒకేసారి పెంచితే 216, 220, 223 కలిపి 659. నెమ్మదిగా పెంచితే పదిహేడు ట్రేలు ఎక్కువ పోతాయి. కానీ లాభం చూడండి. ఒకేసారి పెంచినప్పుడు ట్రేకు 18 చొప్పున మూడు వారాలకు 11,862 రూపాయలు. నెమ్మదిగా పెంచితే మొదటి వారం ట్రేకు ఆరు, రెండో వారం పన్నెండు, మూడో వారం పద్దెనిమిది మిగిలి మొత్తం 8,046 మాత్రమే. పదిహేడు ట్రేల కోసం 3,816 రూపాయలు వదులుకున్నట్టు.

ఈ జవాబు ఈ గుణకాలకే వర్తిస్తుంది. మీ కొట్టులో న చాలా పెద్దదైతే, లేదా కోపం వచ్చిన గృహిణి పక్క వీధి కొట్టుకు వెళ్లి అక్కడే అలవాటు పడితే లెక్క తిరగబడుతుంది. పక్క కొట్టు ధర మన సమీకరణంలో లేదు. అది మీకు తెలిస్తే ఒక వరుసగా చేర్చండి.

న్యాయం సంగతి కూడా ఉంది. 1986లో కానెమన్, ఆర్థికవేత్త జాక్ నెచ్, థేలర్ జనాన్ని ఒక ప్రశ్న అడిగారు: 15 డాలర్లకు అమ్మే మంచు తీసే పారను మంచు తుపాను మరుసటి రోజు కొట్టువాడు 20 చేస్తే న్యాయమేనా? 82 శాతం మంది అన్యాయం అన్నారు. కానీ తన ఖర్చు పెరిగినందువల్ల పెంచితే జనం ఒప్పుకుంటారని కూడా అదే పరిశోధన చూపింది. మన గుడ్ల కొట్టుకు ఇది నేరుగా వర్తిస్తుంది. ధర పెంచిన రోజున పేపరు రేటును పలక మీద రాసి ట్రేల పక్కన పెట్టండి. పలక పెట్టిన వారాలకు 1, పెట్టని వారాలకు 0 అని నోటుపుస్తకంలో ఇంకో వరుస చేర్చి, దాన్ని నష్టం వరుసతో గుణించి సమీకరణంలో వేయండి. కొన్ని పెరుగుదలలకు పలక పెట్టండి, కొన్నింటికి పెట్టకండి. ఏది ఎప్పుడన్నది నాణెం ఎగరేసి నిర్ణయించండి, లేకపోతే పెద్ద పెరుగుదల వచ్చినప్పుడే పలక తీస్తారు, తేడా పలకదా పెరుగుదలదా అన్నది తెలియకుండా పోతుంది.